మూడో ఊదుకు పనిచేయవలెను

నేను ప్రభుత్వ జీతం తీసుకుంటూ రోజుకు ఆరు వందల సార్లు ప్లాస్టిక్ క్యాసెట్లలోకి ఊదిన మనిషిని. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు, నా సర్వీసు పుస్తకంలోనే ఉంది: ‘నాణ్యతా తనిఖీ అధికారి, బ్రాకెట్లో ఊదుడు’. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే బ్రాకెట్లోది మింగేసి మిగతాది చెప్పేవాణ్ణి.

మాది హైదరాబాదు శివార్లలో ఒక సర్కారు కార్ఖానా. పేరు రాష్ట్ర గృహ వినోద ఎలక్ట్రానిక్ పరికరాల ఉత్పత్తి సంస్థ. బోర్డు పొడవు చూసి ఇదేదో పెద్ద సంస్థ అనుకుని లోపలికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్ళ కిందట మేము ‘కేరింత’ అనే వీడియో గేమ్ తయారుచేశాం. డబ్బాను టీవీకి తగిలించి, క్యాసెట్ దూర్చి, రిమోట్ పట్టుకుంటే తెర మీద ఒక పొట్టి సైనికుడు కుడివైపుకు పరిగెత్తేవాడు. వేసవి సెలవుల్లో ఏ ఇంట్లో కేరింత ఉంటే వీధిలో పిల్లలంతా ఆ ఇంట్లోనే. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. మేము బడి గంటలకు స్విచ్చులు చేసుకుంటూ బతికాం.

పోయిన ఏడాది నలభై దాటిన మగవాళ్ళందరికీ ఉన్నట్టుండి బాల్యం గుర్తుకొచ్చింది. అటక మీద బూజుపట్టిన కేరింతలను వేలకు వేలు పోసి కొనడం మొదలుపెట్టారు. ఈ సంగతి సెక్రటేరియట్‌కు తెలిసింది. వెంటనే ఉత్తర్వు వచ్చింది: కేరింతను పునరుద్ధరించవలెను, సామాన్యుడికి అందుబాటులో ఉండునట్లు సగం ఖర్చుతో రూపకల్పన చేయవలెను, పేరు ‘కేరింత లైట్’ అని పెట్టవలెను.

మా ఎండీ డాక్టర్ శరభేశ్వరరావుగారు అదే రోజు మీటింగు పెట్టారు. ఆయన డాక్టరేటు దేనిలోనో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం చేసినవాడు ఇప్పుడు ఆదిలాబాదు గోడౌన్‌లో ఉన్నాడు.

“వ్యయ నియంత్రణలో మనం ఏ అవయవాన్నీ ఉపేక్షించరాదు,” అన్నారు ఎండీగారు. “రెండో రిమోట్ ఎందుకు?”

“ఇద్దరు ఆడుకోవడానికండి,” అన్నాను నేను.

“రెండో ఆటగాడు డబ్బు కట్టాడా?” అని అడిగాడు ఫైనాన్స్ ఆఫీసర్. కట్టలేదు. రెండో రిమోట్ పోయింది.

“ఈ ఎడమవైపు మీట దేనికి?”

“వెనక్కి రావడానికండి.”

“సైనికుడు ముందుకే కదా వెళ్ళాలి? వెనక్కి వచ్చే సౌకర్యం కల్పించడం సంస్థ అభివృద్ధి దృక్పథానికి పొసగదు.” ఎడమ మీట కూడా పోయింది. నేను మజ్జిగ తాగుతూ ఊరుకున్నాను. ఇంతవరకూ మామూలు మీటింగే.

అసలు ముప్పు బెంగళూరు నుంచి వచ్చింది. నిహార్ అనే కుర్రాణ్ణి ‘అనుభూతి సలహాదారు’గా నియమించారు. అతను నాలుగు వేల మందిని ఒకే ఒక ప్రశ్న అడిగాడు: కేరింత అనగానే మీకు మొదట గుర్తొచ్చేది ఏమిటి? నూటికి తొంభై ఒక్క మంది ఒకే జవాబు చెప్పారట. ఊదడం.

నిజమే. ఆ రోజుల్లో కేరింతలో క్యాసెట్ పెడితే తెర తెల్లమొహం వేసేది. క్యాసెట్ బయటికి తీసి, దాని మూతిలో ‘ఫూ’ అని ఊది, మళ్ళీ పెట్టాలి. రెండు మూడు సార్లు అలా చేస్తే గాని సైనికుడు లేచేవాడు కాదు. దేశంలోని పిల్లలంతా ఊదారు. ఎవరు నేర్పారో దేవుడికే తెలియాలి.

కానీ ఎందుకు ఊదవలసి వచ్చిందో నాకు తెలుసు. లేచి చెప్పాను. “అయ్యా, అప్పట్లో మన సంస్థ చవకగా వస్తున్నాయని నాసిరకం స్ప్రింగులు కొన్నది. అవి క్యాసెట్‌ను సరిగ్గా పట్టుకునేవి కావు. తీసి పెట్టడం వల్ల పనిచేసేది గాని ఊదడం వల్ల కాదు. ఇప్పుడు మంచి స్ప్రింగు వేస్తే ఊదక్కర్లేదు. ఖర్చు కూడా తక్కువే.”

ఎండీగారు కళ్ళజోడు తీశారు.

“మీరు ప్రజల బాల్యాన్ని లోపం అంటున్నారా?”

“స్ప్రింగును అంటున్నానండి.”

“ఆ స్ప్రింగు ఇప్పుడు మనది కాదు. ప్రజలది.”

నిహార్ చప్పట్లు కొట్టాడు. అతన్ని చూసి ఫైనాన్స్ ఆఫీసరు, ఆయన్ని చూసి అందరూ కొట్టారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జాతి మాది. నేనూ కొట్టాను.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వెలువడింది. “కేరింత లైట్ మొదటి రెండు ఊదులకు పనిచేయరాదు. మూడో ఊదుకు పనిచేయవలెను. అంతకుముందే పనిచేసిన సెట్టు లోపభూయిష్టముగా పరిగణించబడి ధ్వంసము చేయబడును.”

ఊదు అంటే ఎంత ఊదు అని ఆడిట్ వాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేశారు. వాళ్ళు రెండు నెలలు ఊది, సంస్థలో అత్యున్నతమైన ఊపిరి ఎండీగారిదే గనుక దాన్నే ప్రమాణంగా తీసుకోవాలని తేల్చారు. ఎండీగారికి ఉబ్బసం ఉంది. కాబట్టి నేను రోజుకు రెండు వందల సెట్లను, ఒక్కోదానికి మూడుసార్ల చొప్పున, ఉబ్బసం ఉన్నవాడిలా ఊదాలి.

తర్వాత స్ప్రింగుల టెండరు. నాసిరకం స్ప్రింగులు దొరకడం ఎంతసేపు అనుకుంటారు మీరు. అదేమీ కాదు. ఒకటి మొదటిసారే పనిచేస్తుంది, ఇంకొకటి పదిసార్లకూ పనిచేయదు. కచ్చితంగా రెండుసార్లు మొరాయించి మూడోసారి దారికొచ్చే స్ప్రింగు కావాలంటే దాన్ని ఎంతో నాణ్యంగా చేయాలి. మంచి స్ప్రింగు కంటే దానికి నాలుగింతలు ఖర్చయింది. దాంతో చవక మోడల్ పాత మోడల్ కంటే ఖరీదైంది. ఫైనాన్స్ ఆఫీసర్ ఒక పూట తలుపేసుకుని ఆలోచించి, పాత మోడల్ ధరను మూడు రెట్లు పెంచాడు. అది ఇప్పుడు తయారుకావడం లేదు కాబట్టి ప్రజల మీద భారం లేదు. కేరింత లైట్ మళ్ళీ చవకైపోయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాత కథ అండాలు దగ్గరికి వచ్చింది.

అండాలు మా సోల్డరింగ్ లైను పెద్ద. ఇరవై రెండేళ్ళ సర్వీసు, కాంట్రాక్టు మీదే. ఆమె కింద ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు. ఆమె టంకం పెట్టిన వైరును పీకితే వైరు తెగుతుంది గాని అతుకు ఊడదు. ఆ స్ప్రింగులను బోర్డుకు అతికే పని ఈ లైనుదే. వదులుగా, ఊగేటట్టు అతకాలని చేతికి కాగితం ఇచ్చారు.

మొదటిరోజు ఆమె సెట్టు నా బల్ల మీదికి వచ్చింది. ఊదకుండానే క్యాసెట్ పెట్టి చూశాను. సైనికుడు దౌడు తీశాడు. రెండోది, మూడోది, ముప్పయ్యోది కూడా అంతే. అన్నిటి మీదా ‘తిరస్కృతం’ ముద్ర కొట్టాను. కొట్టింది నేనే. సిగ్గుపడుతూనే కొట్టాను.

“సారు, గిదేం తమాష?” అంది అండాలు. “పనిజేసే డబ్బలను పడేస్తరా?”

“వదులుగా అతకమన్నారు కదమ్మా.”

“వదులుగ అతుకుదమనే కూసుంటున్న సారు. స్ప్రింగు ఊగుతుంటె సూసి చెయ్యి ఊకుంటలేదు. గట్టిగ వత్తి అతికేస్తున్న. ఇరవై రెండేండ్ల అలవాటాయె. పోరిలకు గూడ నేనే నేర్పిన. ఆల్ల చేతులు గూడ గంతే.”

నెల తిరిగేసరికి లైను మొత్తం మీద తిరస్కరణలు నూటికి తొంభై ఆరు. నిహార్ ఒక కాంట్రాక్టరును పట్టుకొచ్చాడు. ఆ కాంట్రాక్టరు మనుషులకు ఎలాంటి శిక్షణా అక్కర్లేదట, పుట్టుకతోనే వదులుగా అతుకుతారట. ఒకటో తారీఖు నుంచి లైను వాళ్ళకు అప్పగించి, ఇరవై నలుగురినీ ఇంటికి పంపాలని ఫైలు కదిలింది. అండాలుకు విడిగా ఒక మెమో: “మీరు తయారుచేసిన 612 సెట్లు ఎటువంటి కారణము లేకుండా పనిచేసినవి. మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను.” ఆమె కూతురు చేత జవాబు రాయించింది: “మంచిగ అతికినందుకు.” మర్నాటి నుంచి డ్యూటీకి రావద్దన్నారు. ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఈలోగా మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభోత్సవం ఖాయమైంది. మూడు రోజుల ముందు ప్రోటోకాల్ ఆఫీసర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“మంత్రిగారు ఊదుతారు. బానే ఉంది. కానీ వేదిక మీద, కెమెరాల ముందు, గౌరవనీయులైన మంత్రివర్యుల ఊదు రెండుసార్లు విఫలం కావడమా? ప్రభుత్వ ప్రతిష్ఠ ఏం కాను?”

ఎండీగారికి ముచ్చెమటలు పోశాయి. “మొదటి ఊదుకే పనిచేసే సెట్టు ఒకటి తెప్పించండి.”

లేదు. పనిచేసే సరుకు బయటికి పోకూడదని పనిచేసినవాటన్నిటినీ క్రషర్‌లో వేసి నుగ్గుచేశాం. కార్ఖానా మొత్తం మీద పనిచేసే వీడియో గేమ్ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ విషయం మీద మాకు సర్టిఫికెట్ కూడా ఉంది.

ఎండీగారు, ప్రోటోకాల్ ఆఫీసరు, నేను జీపులో అండాలు ఇంటికి వెళ్ళాం. ఆమె గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కుర్చీ ఒక్కటే ఉంటే ఎండీగారు కూర్చున్నారు.

“అండాలుగారూ,” అన్నారాయన. ఆ ‘గారు’ ఆయన నోట రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. “రాష్ట్ర ప్రయోజనాల దృష్ట్యా, ఒక సెట్టును మీ సహజమైన లోపంతో తయారుచేయవలసిందిగా సంస్థ కోరుతోంది.”

“లోపమంటె?”

“పనిచేసేటట్టు,” అని నేను అనువదించాను.

ఆమె గింజలు పక్కన పెట్టింది. “చేస్త. మా లైను మాకే ఉంచుతమని రాసియ్యున్రి.”

“మీ విన్నపం సానుభూతితో పరిశీలించబడును.”

“గా మాట మా పెండ్లయిన కాన్నుంచి ఇంటున్న సారు. కాయిదం మీద రాసియ్యున్రి.”

ఎండీగారు రాశారు. ఆర్నెల్లు లైను వాళ్ళకే ఉంటుంది, తిరస్కరణలు నూటికి ఐదుకు మించితే మాత్రం మర్నాడే కాంట్రాక్టరుకు వెళ్తుంది. తొంభై ఆరు నుంచి ఐదుకు. చంద్రమండలం రాసిచ్చినా అంతే. అండాలు కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని మడిచి రవికలో పెట్టుకుంది.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. మంత్రిగారు క్యాసెట్ మూతిలో ఒక్కటే ఊదు ఊదారు, దూర్చారు, సైనికుడు దూకాడు. అసలు ఆయన ఊదకపోయినా దూకేవాడే. “మంత్రిగారి ఊపిరే వేరు!” అని జిందాబాద్‌లు మోగాయి. మంత్రిగారు పొంగిపోయి, ఇలాంటివే తన వాళ్ళకు కూడా కావాలన్నారు. సాయంత్రానికల్లా సంస్థ ‘ప్రముఖుల శ్రేణి’ని ప్రకటించింది. ఏడాదికి వంద సెట్లు, వెంటనే పనిచేస్తాయి. తక్కిన ప్రజలకు యథాప్రకారం మూడు ఊదులు. రెంటికీ పెట్టె ఒకటే, రంగు ఒకటే. వేర్వేరు పెట్టెలకు బడ్జెట్ లేదు.

ఒకటో తారీఖున అండాలు లైను మళ్ళీ కూర్చుంది. ఆడవాళ్ళు పాపం నిజంగానే ప్రయత్నించారు. కళ్ళు మూసుకుని అతికారు, ఎడమచేత్తో అతికారు. ఒకమ్మాయి ఏడుస్తూ అతికింది. చెయ్యి మాట వినలేదు. మొదటి రెండు వందల సెట్లు నా బల్ల మీదికి వచ్చాయి. పది తీసి చూశాను. పదీ ఊదకుండానే పనిచేశాయి.

పక్కన రెండు ముద్రలున్నాయి. ఒకటి ‘తిరస్కృతం’. రెండోది ‘మూ.ఊ.ప.’, అంటే మూడో ఊదుకు పనిచేసినది. ఇన్నాళ్ళూ రెండో ముద్ర మీద దుమ్ము పట్టింది. నేను దాన్ని తీసి, ఇంకు అద్ది, వరసగా రెండు వందల సెట్ల మీదా కొట్టాను. నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో అంత హాయిగా ఏ పనీ చేయలేదు.

అండాలు చూస్తోంది. “ఏంది సారు, ఊదుతలేరు?”

“నోరు నొప్పి.”

మధ్యాహ్నం నా బల్ల మీద ఒక గిన్నెలో సర్వపిండి ఉంది.

నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఒక్కడు ఊదకుండా పెట్టి చూస్తే చాలు, నా ఉద్యోగం, ఇరవై నలుగురి కూడు అన్నీ పోతాయి. కానీ ఒక్కడూ చూడలేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘మూడుసార్లు ఊదండి’ అని ఉంది. జనం కొన్నారు, కుటుంబ సమేతంగా మూడుసార్లు ఊదారు, పెట్టారు, పనిచేసింది. కళ్ళు చెమ్మగిల్లాయని ఉత్తరాలు రాశారు. మరమ్మతులకు ఒక్క సెట్టు రాలేదు. ఎండీగారు ఢిల్లీ వెళ్ళి ‘నియంత్రిత వైఫల్యం: ఒక విజయగాథ’ అని ప్రసంగించి శాలువా కప్పించుకొచ్చారు.

నాలుగో నెలలో వచ్చింది ఫిర్యాదు. వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ తహసీల్దారు రాశాడు: “మా మనవరాలు ఆరేళ్ళ పిల్ల, చదవడం రాక, ఊదకుండానే క్యాసెట్ పెట్టింది. అది పనిచేసినది. పెట్టె మీద వాగ్దానం చేసిన రెండు వైఫల్యాలు మాకు అందలేదు. సెట్టు మార్చి ఇవ్వగలరు, లేనియెడల వినియోగదారుల ఫోరానికి వెళ్ళెదను.”

ఆ ఉత్తరం పట్టుకుని లైను దగ్గరికి వెళ్ళాను. చదివి వినిపించాను. అండాలు సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండు మీద పెట్టింది.

“మినిస్టర్లకిచ్చే డబ్బ తప్పిపోయి మీ ఇంటికొచ్చిందని చెప్పున్రి సారు. ఎవ్వలకూ చెప్పొద్దనున్రి. ఎనక్కిస్తడేమో సూద్దాం.”

స్వయంగా వెళ్ళి చెప్పాను. తహసీల్దారుగారి ముఖం వెలిగిపోయింది. వీధి తలుపు వేసి వచ్చి, “అంటే ఇది... మంత్రులదా?” అని గొంతు తగ్గించాడు. ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు అక్కడికక్కడే రాసిచ్చాడు. మనవరాలిని పిలిచి, ఎవరైనా వస్తే మూడుసార్లు ఊదాలని ఒట్టు వేయించుకున్నాడు.

అలాంటి ఉత్తరాలు ఆ నెలలో మరో పదకొండు వచ్చాయి. అందరికీ అదే మాట చెప్పాను. తర్వాత ఉత్తరాలు రావడం మానేశాయి. నాకు అర్థమైంది. ఊరంతా కనిపెట్టేసింది. ఎవరికి వారు ప్రముఖుల సెట్టు తమకొక్కరికే దక్కిందనుకుంటున్నారు, పక్కింటివాడికి తెలిస్తే లాక్కుపోతారని భయం. చుట్టాలొస్తే మూడుసార్లు ఊదుతారు, వాళ్ళు వెళ్ళాక ఊదరు. ఆ చుట్టాలూ తమ ఇంట్లో అంతే.

ఆర్నెల్ల గడువు ముగిసే ముందు ఆదివారం, లైనును అండాలు వాళ్ళకే శాశ్వతం చేసే ఫైలు పట్టుకుని ఎండీగారి క్వార్టర్స్‌కు వెళ్ళాను. అది రెండు నెలలుగా ‘చర్చించవలెను’ అనే మాట దగ్గర ఆగి ఉంది. తలుపు ఓరగా తీసి ఉంది. ఎండీగారు లుంగీ కట్టుకుని చాప మీద కూర్చుని ఉన్నారు. క్యాసెట్ తీసుకున్నారు, తిన్నగా డబ్బాలోకి దూర్చారు. సైనికుడు పరిగెత్తాడు. ఎండీగారు “పద పద పద” అన్నారు.

అప్పుడు నన్ను చూశారు.

చటుక్కున క్యాసెట్ లాగి, ఒకటి, రెండు, మూడు ఊదులు ఊదారు. ఉబ్బసం మనిషి, మూడోదానికి కళ్ళు తేలేశారు. మళ్ళీ పెట్టారు. “చూశారా? మూడో ఊదుకే!” అన్నారు ఆయాసంతో.

“చూశానండి.”

ఆయన లేచి వంటింటివైపు తొంగి చూసి, నన్ను దగ్గరికి రమ్మన్నారు. “మీతో కాబట్టి చెబుతున్నాను. నాది ఊదకపోయినా పనిచేస్తోంది. పొరపాటున ప్రముఖులది వచ్చినట్టుంది. ఇంతమందిలో నా ఒక్కడికే! ఎక్కడా అనకండి. మీ ఇంట్లోది ఎలా ఉంది?”

“మూడోదానికేనండి. ఒక్కోసారి నాలుగోదానికి.”

“పాపం,” అన్నారు మనస్ఫూర్తిగా. ఆ జాలిలోనే ఫైలు అందుకుని, చదవకుండానే సంతకం పెట్టారు.

సోమవారం పొద్దున అండాలుకు ఫైలు చూపించి, జరిగిందంతా చెప్పాను. ఆమె సంతకం మీద వేలు పెట్టి చూసుకుంది. లైనులో అందరూ లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కాసేపటికి అండాలు కొంగుతో ముఖం తుడుచుకుంది.

“గాయినకు దమ్ము రోగం గద సారు. ఊదకున్నా అందరియి నడుస్తయని చెప్పకపోయిన్రా?”

“చెబితే లైను పోతుందమ్మా.”

“అయితె ఊదనియ్యున్రి,” అంది అండాలు, తర్వాతి బోర్డు ముందుకు లాక్కుంటూ.